పేడకు వెల ఎంత? : గోబర్ గ్యాసు లాభనష్టముల లెక్క

తెల్లవారకముందే వాకిట కల్లాపి చల్లుటకు పేడ కావలెను. ఇల్లు అలుకుటకు పేడ కావలెను. భోగినాడు పిడకల దండకు, సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మకు పేడయే. ఏడాది పొడవునా పొయ్యిలోనికి పిడకగాను, పొలములోనికి ఎరువుగాను పోవునది కూడ అదియే. ఇన్ని పనులు చేయు వస్తువును మనము ఉచితముగా దొరకునదిగా భావించుచున్నాము. డబ్బిచ్చి కొనలేదు గనుక దానికి వెల లేదనుకొనుచున్నాము. గోబర్ గ్యాసు ప్లాంటు కట్టించుకొనదలచిన గృహస్థుని లెక్క మొట్టమొదట తప్పుదారి పట్టునది ఇచ్చటనే. పేడ ఒక పనికి పోయినచో మరియొక పని ఆగిపోవును. అట్లు ఆగిపోయిన పని విలువయే పేడకు వెల. కావున మన ఇంటి పేడ నిన్నటివరకు ఏ పని చేయుచుండెనో తెలిసిననే గాని, రేపు కట్టబోవు ప్లాంటు లాభమో నష్టమో తేలదు. ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచిన ముఖ్యవిషయము ఇంతే.

ఈ గ్యాసు మన దేశమునకు క్రొత్తది కాదు. 1897లో బొంబాయిలోని మాటుంగ కుష్ఠరోగుల ఆశ్రమములో మురుగునుండి పుట్టిన గ్యాసును పట్టి ఉపయోగించిరి. 1939 ప్రాంతమున ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పేడతో ప్రయోగములు జరిగినవి. 1950 తరువాత జశ్‌భాయి పటేల్ అను నిపుణుడు ఇనుప డ్రమ్ము తేలుచుండు ప్లాంటును రూపొందించెను. 1960 దశకము ఆరంభములో ఖాదీ గ్రామోద్యోగ సంఘము దానిని చేపట్టి దేశమంతట ప్రచారము చేసెను. ఇనుము తుప్పు పట్టుట, ఖర్చు ఎక్కువగుట చూచి, డ్రమ్ము లేకుండ ఇటుకలతో గుమ్మటము కట్టు జనతా నమూనా 1978లోను, అంతకంటె చవుకయైన దీనబంధు నమూనా 1984లోను వచ్చినవి. 1981-82లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఈ మార్పులన్నిటికి వెనుకనున్న ప్రేరణ ఒక్కటే: కట్టుబడి ఖర్చు తగ్గించుట.

ప్లాంటు పనిచేయు విధము సులభము. పేడను దానికి సమానమైన నీటితో కలిపి, గాలి చొరని గుంటలోనికి వదలవలెను. గాలి లేని చోట బ్రతుకు సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెట్టి వాయువును పుట్టించును. ఆ వాయువులో నూటికి 55 నుండి 65 పాళ్ళు మండెడు మీథేను, మిగిలినదానిలో అధికభాగము బొగ్గుపులుసు వాయువు. రోజూ ఎంత పేడ లోనికి పోవునో, దాదాపు అంత పాత జారు రెండవ ద్వారమునుండి వెలికి వచ్చును. వెచ్చని దినములలో పని చురుకుగా సాగును. చలికాలములో మందగించి గ్యాసు తగ్గును.

ఇక కొలతలు చూతము. ఒక కిలో పచ్చిపేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వచ్చును. అనగా 25 కిలోలకు ఒక ఘనమీటరు. ఆవు గాని ఎద్దు గాని రోజుకు సుమారు 10 కిలోలు, గేదె 15 కిలోలు పేడ వేయును. వంటకు మనిషి ఒక్కింటికి రోజుకు ఘనమీటరులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు గ్యాసు పట్టును. ఒక ఘనమీటరు గ్యాసు చేయు పనిని వేరు వంటచెరకుతో చేయుటకు సుమారు మూడున్నర కిలోల కట్టెలు, లేదా 12 కిలోల పిడకలు, లేదా 620 మిల్లీలీటర్ల కిరోసిను, లేదా 430 గ్రాముల సిలిండరు గ్యాసు కావలెను. ఈ నాలుగు అంకెలు చాలును. మిగిలిన లెక్క శ్రోతలే చేసికొనవచ్చును.

ఇప్పుడు మూడు ఇండ్లను ఊహించుకొందము. ధరలు ఊరికొక రీతిగా నుండును గనుక నేను చెప్పు రూపాయలు ఉదాహరణకు మాత్రమే. శ్రోతలు తమ ఊరి ధరలు వేసికొని చూచుకొనవలెను.

మొదటి ఇంటిలో ఐదు పశువులున్నవి. రోజుకు 50 కిలోల పేడ పోగగుచున్నది. ఆ ఇంటి ఇల్లాలు దానినంతయు పిడకలు చరచి పొయ్యిలో పెట్టుచున్నది. చాలనప్పుడు పుల్లలు ఏరి తెచ్చుచున్నది. ఆ 50 కిలోలు ఎండినచో 10, 12 కిలోల పిడకలు మాత్రమే అగును. అదే పేడను ప్లాంటులో వేసినచో రెండు ఘనమీటర్ల గ్యాసు వచ్చును. అది 24 కిలోల పిడకల పని చేయును. కారణమేమనగా, పొయ్యిలో పిడక వేడిమి పదింట ఒక పాలు మాత్రమే గిన్నెకు తగులును. గ్యాసు పొయ్యిలో సగమునకు మించి తగులును. పేడ అంతే యుండగా వంట రెట్టింపైనది. పిడక కాలినచో మిగులునది బూడిద. గ్యాసు తీసిన పిమ్మట ఎరువు మిగిలియే యుండును. ఈ ఇంటిలో పేడకు నిన్నటి పని చాల తక్కువ విలువ గలది. కావున ప్లాంటు వలన వచ్చు లాభము అన్నిటికంటె ఎక్కువ.

రెండవ ఇంటిలోను అన్ని పశువులే ఉన్నవి. కాని ఆ ఇంట పేడ పెంటదిబ్బకు, అక్కడనుండి పొలమునకు పోవుచున్నది. వంట సిలిండరుతో జరుగుచున్నది. వీరు రెండు ఘనమీటర్ల ప్లాంటు కట్టించిరనుకొందము. కాగితముమీద లెక్క వేసినచో ఆ గ్యాసు ఏడాదికి 22 సిలిండర్లకు సమానము. ప్లాంటులు అంటగట్టువారు చూపు లెక్క సాధారణముగా ఇదే. కాని ఆ కుటుంబము ఏడాదికి కాల్చునది 10 సిలిండర్లే. ఉడికించుటకు గిన్నె లేని గ్యాసుకు విలువ లేదు. దానిని సంచిలో కట్టి సంతకు కొనిపోలేము గదా!

ఈ ప్లాంటుకు 50,000 రూపాయలైనదనుకొందము. ఇటుక కట్టడము 20 ఏండ్లు నిలుచుననుకొన్నచో తరుగుదల ఏడాదికి 2,500. సొమ్ముపై నూటికి 8 చొప్పున వడ్డీ 4,000. మరమ్మతులకు 1,000. మొత్తము 7,500. సిలిండరు 900 రూపాయలైనచో 10 సిలిండర్లకు మిగులునది 9,000. అనగా నికరముగా 1,500 రూపాయల లాభము. అదే కుటుంబము ఒక ఘనమీటరు ప్లాంటును 35,000 రూపాయలకు కట్టించుకొన్నదనుకొందము. ఏడాది ఖర్చు తరుగుదల 1,750, వడ్డీ 2,800, మరమ్మతులు 700, వెరసి 5,250. చలికాలపు లోటు పోగా ఎనిమిది సిలిండర్లు మిగిలినను 7,200 రూపాయలు. నికరముగా 1,950. పెద్ద ప్లాంటుకంటె చిన్న ప్లాంటే మేలైనది. పిండి కొద్ది రొట్టె అన్న సామెత మనకు ఉండనే ఉన్నది; దానికి తోడు తినువారి కొద్ది రొట్టె అనియు చెప్పుకొనవలెను.

సిలిండరు వెల మన చేతిలో లేని సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును ఆరంభించి పేద ఇండ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిరి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన ఇండ్లకు ఏటా మూడు సిలిండర్లు ఉచితముగా ఇచ్చు పథకమును, తెలంగాణలో 500 రూపాయలకే సిలిండరు ఇచ్చు పథకమును మొదలుపెట్టిరి. అవి ఇల్లాండ్రకు మేలు చేయునవే. కాని ప్లాంటు లెక్క వాటితో మారును. మూడు సిలిండర్లు ఊరకనే వచ్చు ఇంట కొనునవి ఏడే గనుక మిగులునది 6,300 మాత్రమే. అప్పుడు పెద్ద ప్లాంటుకు ఏటా 1,200 రూపాయల నష్టము. చిన్న ప్లాంటుకు 1,050 రూపాయల లాభము. ప్లాంటు అదే, పేడ అదే, గ్యాసు అదే. పోల్చుకొను వస్తువు వెల మారినంతనే లాభము నష్టమైనది.

ఇక ఎరువు మాట. రోజుకు 50 కిలోల చొప్పున ఏడాదికి 18 టన్నుల పేడ. అందులో సుమారు 55 కిలోల నత్రజని యుండును. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని గలదు గనుక, ఇది రెండున్నర బస్తాలకు సమానము. పిడకలు కాల్చిన ఇంటికి ఇదంతయు క్రొత్త లాభము. దిబ్బ వేసిన ఇంటికి అట్లు కాదు. వారికి ఎరువు నిన్నయు నున్నది. ఎండలో, గాలిలో దిబ్బనుండి ఎగిరిపోవు నత్రజని మూసిన గుంటలో నిలిచియుండును. ఆ తేడా మాత్రమే వారి లాభము. జారును తిరిగి ఎండబోసినచో ఆ తేడా కూడ గాలిలో కలిసిపోవును. పచ్చిగానే నీటి కాలువలో కలిపి పారించుట గాని, చెత్త, ఎండుగడ్డి పొరలపై పోసి కంపోస్టు చేయుట గాని మేలు. పొలము దూరమైనచో రోజూ నూరు కిలోలకు దగ్గరగా వచ్చు ఆ జారును మోయుట వేరొక భారము. దానిని కూడ లెక్కలో వేయవలెను.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. రైతు యూరియా బస్తాకు ఇచ్చునది 270 రూపాయలకు లోపే. కావున పై ఎరువు విలువ అతని చిట్టాలో ఏడువందల రూపాయలు దాటదు. కాని ఆ బస్తాకు ప్రభుత్వము భరించు సబ్సిడీ రైతు ఇచ్చు ధరకు అనేక రెట్లు. అనగా జారులోని నత్రజని వలన దేశ ఖజానాకు మిగులునది ఎక్కువ, రైతుకు మిగులునది తక్కువ. ప్లాంటుకు ప్రభుత్వము సహాయధనము ఇచ్చుట దానము కాదనుటకు ఇది ఒక కారణము. దేశమునకు మిగిలిన దానిలో కొంత పాలు గృహస్థునికి తిరిగి ముట్టుచున్నదని భావించుట న్యాయము.

మూడవ ఇల్లు చిన్నది. రెండు ఆవులు, అవియు పగలెల్ల బయట మేయును. పాకలో రాత్రి పడిన పేడ 8, 10 కిలోలకు మించదు. ఒక ఘనమీటరు ప్లాంటుకు కావలసినది 25 కిలోలు. మిగిలినది కొనవలసి వచ్చును. లేదా ప్లాంటు సగము ఆకలితో నుండును. ఇట్టి ఇంటికి ప్లాంటు వద్దని చెప్పుటయే స్నేహధర్మము. వంటింటి వ్యర్థములు చేర్చవచ్చునా అని కొందరు అడుగుదురు. చేర్చవచ్చును. పశువు తిని జీర్ణించుకొనగా మిగిలినది పేడ. గంజి, చద్ది అన్నము, కుళ్ళిన కాయగూరలు జీర్ణము కానివి గనుక కిలోకు కిలో పేడకంటె అనేక రెట్లు గ్యాసు ఇచ్చును. కాని ఒక్కసారిగా ఎక్కువ వేసినచో గుంట పులిసి గ్యాసు ఆగును. మరియు పాడి గల ఇంట గంజి, చద్ది కుడితి తొట్టిలోనికి పోవును. వాటికి కూడ నిన్నటి పని యున్నది.

ఇంతవరకు శ్రమకు వెల కట్టలేదు. రోజూ పేడను నీటితో కలిపి, గడ్డిపోచలు ఏరి, లోనికి వదలుటకు అరగంట పట్టును. నీరు దూరమైనచో ఇంకను ఎక్కువ. కూలి ధరలతో ఆ అరగంటలను లెక్కించినచో రెండవ ఇంటి లాభమంతయు కరగిపోవును. అయితే పాక ఎత్తుట, పేడ మోయుట ప్లాంటు లేకున్నను తప్పని పనులు. క్రొత్తగా పెరిగిన శ్రమను మాత్రమే కూడవలెను. మొదటి ఇంటిలోనైతే పిడకలు చరచుట, పుల్లలకు తిరుగుట, మసి గిన్నెలు తోముట తప్పిపోయినవి, వాటిని తీసివేయవలెను. పొగ లేకపోవుట వలన కంటికి, ఊపిరికి కలుగు మేలును రూపాయలలో వ్రాయుట కష్టము. అయినను అది శూన్యము కాదు.

ఇచ్చట అసలైన చిక్కు వచ్చును. అన్నిటికంటె ఎక్కువ లాభము పొందు మొదటి ఇంటిలో చేతికి వచ్చు డబ్బు లేదు. వారు సిలిండరు కొనుటలేదు, కట్టెలు కొనుటలేదు. మిగిలినవి ఇల్లాలి గంటలు, ఇల్లాలి ఊపిరి. ప్లాంటుకు పోవలసిన 50,000 మాత్రము యజమాని చేతిలోని రొక్కము. లాభము ఒకరిది, ఖర్చు మరియొకరి చేతిది అయినప్పుడు లెక్క ఎంత బాగున్నను పని జరుగదు. అందుచేత ఇట్టి ఇంటిలో నిర్ణయము ఇద్దరు కూర్చుండి చేయవలసినది. సహాయధనము, అప్పు సదుపాయము ముందుగా చేరవలసినది కూడ ఇట్టి ఇండ్లకే. సిలిండరు కొనగలిగి, ఐదారు గేదెలున్న ఇల్లు కొంత సహాయముతోనే నిలదొక్కుకొనగలదు.

ఒక్కొక్క ఇంటికి పేడ చాలనప్పుడు ఊరంతయు కలిసి ఒకే ప్లాంటు పెట్టుకొనరాదా అను ప్రశ్న సహజము. కర్ణాటకలో తుముకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర అను చిన్న గ్రామములో ఈ ప్రయత్నము జరిగినది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఏర్పడిన ఆస్ట్రా అను బృందమునకు ఆచార్య అమూల్య రెడ్డి నాయకుడు. మొదట అందరి ఇండ్లకు వంటగ్యాసు ఇవ్వదలచిరి. ఊరి పేడ అంతటికి చాలలేదు, ప్రయత్నము నిలిచిపోయినది. వారు గ్యాసు వాడకమును మార్చిరి. అదే గ్యాసును కొద్ది డీజిలుతో కలిపి ఇంజను నడపి, 1987 నుండి ఊరికి మంచినీటి కుళాయిలు, ఇండ్లకు విద్యుద్దీపములు ఇచ్చిరి. వంటకు చాలని గ్యాసు నీటికి, దీపమునకు చాలినది. పేడ తెచ్చినవారికి కిలోకు ఇన్ని పైసలని చెల్లించిరి. గ్యాసు తీసిన జారును తిరిగి వారికే ఇచ్చిరి. పేడకు వెల గలదని ఒప్పుకొనుటయే ఆ ఏర్పాటుకు పునాది. ఊరివారే దానిని కొన్ని సంవత్సరములు నడపిరి. నీరు, దీపము ప్రతి ఇంటికి కావలసినవి గనుక నెలనెలా రుసుము వసూలగుటకు వీలైనది.

పట్టణములలో లెక్క తలక్రిందులగును. అచ్చట వ్యర్థమునకు వెల లేకపోవుట అటుంచి, దానిని వదిలించుకొనుటకే ఖర్చగును. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టు దీనికి ఉదాహరణము. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ పద్ధతిపై అక్కడ ప్లాంటు కట్టిరి. 2021 నాటికి రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థమునుండి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు, క్యాంటీను వంటకు 30 కిలోల ఇంధనము వచ్చుచుండెను. యూనిట్టు ఎనిమిది రూపాయలనుకొన్నను విద్యుత్తు విలువ రోజుకు 4,000 రూపాయలే. పది టన్నుల సరకును జల్లించి, నలిపి, యంత్రములను నడపు ఖర్చు ముందు అది గొప్ప మొత్తము కాదు. కాని ఆ పది టన్నులను లారీలకెత్తి ఊరి బయటి గుట్టకు చేర్చు ఖర్చు తప్పినది. అక్కడ పారవేసినచో కుళ్ళి గాలిలోనికి పోయెడు మీథేను తప్పినది. ఇట్టి ప్లాంటుల అసలు ఆదాయము వదిలించుకొన్న చెత్తలోనే యున్నది. అందుచేతనే చెత్తను పుట్టినచోటనే వేరుచేయుట ముఖ్యము. ప్లాస్టిక్కు సంచులతో కలిసి వచ్చిన కూరగాయలను ఏరుటకే ఆదాయమంతయు చెల్లిపోవును.

చివరగా, లెక్కలోనికి ఎవరును తీసికొనని అంశమొకటి గలదు. అది ఆగిపోయిన ప్లాంటు. గుమ్మటములో సన్నని బీట, గొట్టములో నిలిచిన నీరు, పొయ్యిలో పట్టిన చిలుము - ఇట్టి చిన్న లోపములతోనే ప్లాంటులు మూలపడుచుండును. మూడు నెలలు ఆగిన ప్లాంటుకు వడ్డీ ఆగదు. అంతకంటె చెడ్డది, ఆ మూడు నెలలలో ఇల్లు మరల పాత పొయ్యికి అలవాటు పడును. బీట గుండ గ్యాసు పోవుచున్నచో చేటు మరింత ఎక్కువ. మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు బలముగా భూమిని వేడెక్కించునది. కావున ప్లాంటు కట్టించునప్పుడు తాపీమేస్త్రీ పిలిచిన వచ్చు దూరములో నున్నాడా అని చూచుకొనవలెను. వంద మైళ్ళ దూరమునుండి వచ్చి చవుకగా కట్టిపోయిన మేస్త్రీకంటె, ప్రక్క ఊరిలో నుండి నాలుగు రూకలు ఎక్కువ తీసికొనువాడు మేలు.

ప్లాంటు కట్టించుకొనదలచిన శ్రోతలకు ఒక సలహా. మేస్త్రీకి కబురు పంపుటకు ముందు పది రోజులు ఉదయమున పాకలోని పేడను తట్టతో కొలిచి వ్రాసికొనుడు. ఆ పది రోజులలో ఏ తట్ట ఏ పనికి పోయినదో ప్రక్కనే వ్రాయుడు: ఇన్ని పిడకలకు, ఇన్ని దిబ్బకు, ఇన్ని అమ్మకమునకు. మూడవ గడిలో గత సంవత్సరము మీరు డబ్బిచ్చి కొన్న సిలిండర్లు, కట్టెలు వ్రాయుడు. నాలుగవ గడిలో ఇంటి ఆడవారినడిగి, పొయ్యికొరకు వారు వెచ్చించు గంటలు వ్రాయుడు. ఆ ఒక్క కాగితము మీ ఇంటికి ఎంత ప్లాంటు తగునో, అసలు తగునో తగదో, ఏ ప్రచారపత్రముకంటెను నిజముగా చెప్పగలదు.